ఫర్షి ఇంటివాళ్లకే

ఆ పొద్దున ఫర్షి గేటుకు తాళం వేసి ఉంది. బషీరాబాదామె నెత్తిన గంపతో వచ్చి తాళాన్ని చూసింది. గంపలో రాత్రి నానబెట్టి ఎర్రమన్ను పట్టించిన కందులు. ఇంకా నీళ్లు కారుతున్నాయి, ఆమె చెవుల పక్కనుంచి మెడ మీదికి ఎర్రటి చారలు దిగాయి. తాళాన్ని ఒకసారి లాగి వదిలేసింది. ఎవరినీ పిలవలేదు. వెనక్కి తిరిగి గల్లీ మధ్యకు వచ్చి, ఇండ్ల సంఘం అధ్యక్షుడి గుమ్మం ఎదురుగా గోనెపట్టాలు పరిచి, కందులు కుమ్మరించి, రెండు చేతులతో పలచగా పరచడం మొదలుపెట్టింది. అవి పరిచాక ఇంటికి పోయి ఇంకో గంప తెచ్చింది. దాన్నీ అక్కడే పోసింది.

కాసేపటికి బంట్వారం దిక్కునుంచి ధాన్యం బజారుకు, గంజ్‌కు పోయే బండి ఒకటి గల్లీలోకి మళ్లింది. ఎడ్లు కందుల ముందుకొచ్చి ఆగాయి.

"ఏందక్కా, తొవ్వల పెండ్లి పెట్టినవా?" అన్నాడు బండాయన.

"పెండ్లి గాదు తమ్మీ. ఎండ యాడుంటె ఆడ పోస్త."

"మరి నా ఎడ్లు ఎగిరి పోవాల్నా?"

"గాయన్నడుగు. తాళంచెయ్యి గాయన దగ్గరున్నది."

అధ్యక్షుడు అప్పటికి గుమ్మంలోకి వచ్చాడు. ఒకప్పుడు గంజ్‌లో ధాన్యం అడ్తి నడిపిన మనిషి. వ్యాపారం తమ్ముడికి అప్పగించినా అందరూ సావుకారి అనే పిలిచేవారు. భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ కందులవైపు చూశాడు.

"ఏందమ్మా గిది? నడితొవ్వల?"

"తొవ్వకు తాళం లేదు గద సావుకారి," అంది ఆమె, తలెత్తకుండా.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పేముందు ఫర్షి సంగతి చెప్పాలి.

తాండూరులో బండలు పరిచిన జాగాను ఫర్షి అంటారు. చుట్టూ గనులున్న ఊరు, బండలకు కరువు లేదు. మా గల్లీ వెనక ఉన్న ఖాళీ జాగాలో ఒకప్పుడు ఒక బండల వ్యాపారి సరుకు పేర్చుకునేవాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగాక ఆయన వ్యాపారం ఎత్తేసి వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడంటే తలా ఒక ఊరు చెప్పేవారు. పగిలినవి, అంచులు పోయినవి, అమ్ముడుపోని బండలు అక్కడే మిగిలిపోయాయి. చాలా రోజులు వాటి సందుల్లో తేళ్లు తిరిగాయి. తర్వాత గల్లీవాళ్లు ఒక ఎండాకాలం తలా ఒక చెయ్యి వేసి నేల చదును చేసి, ఆ బండలనే పరిచారు. నీలపువీ పసుపువీ కలిసిపోయి అతుకులబొంతలాగా ఉండేది కాని, నడిస్తే కాలికి ఎక్కడా తగిలేది కాదు. చుట్టూ మొల ఎత్తు గోడ కట్టారు, ఒక గేటు పెట్టారు.

ఆ ఫర్షి లేకపోతే మా గల్లీకి వాకిలి అనేదే లేదు. ఇండ్లన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉండేవి. ఎవరింట్లో పెండ్లయినా బంతి అక్కడే. మిరపకాయలు, అప్పడాలు, ఉతికిన బొంతలు అక్కడే ఎండేవి. రంజాన్ నెలలో దర్జీ ఇంటివాళ్లు సాయంత్రం అక్కడే చాప పరుచుకునేవారు. పిల్లలు గోటీలు ఆడేది అక్కడే. గోడ కడుతున్నప్పుడు ఎవరి వంతు ఎంత అన్న పేచీ వచ్చింది, ఆ పేచీలోంచే ఇండ్ల సంఘం పుట్టింది. సావుకారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఉర్దూ, తెలుగూ రెండూ రాయగలనని నన్ను కార్యదర్శిని చేశారు.

నేను తాండూరుకు వికారాబాదు నుంచి వచ్చాను. హైదరాబాదులోని ఒక దినపత్రికకు ఈ చుట్టుపక్కల వార్తలు రాసేవాణ్ణి. కందుల ధర, బండల గనుల్లో ప్రమాదాలు, కొత్త బస్సు, కలెక్టరు రాక, ఇవే వార్తలు. వికారాబాదులో స్టేషను వెనక నేనున్న గల్లీలో అందరికీ కలిపి ఒకే నల్లా ఉండేది. అక్కడ సంఘం లేదు, నియమం లేదు. బిందెలు వరసలో పెట్టుకునేవారు, పోట్లాడుకునేవారు, నీళ్లు పట్టుకునేవారు. అందుకే తాండూరులో సంఘం, సమావేశం, తీర్మానం అంటుంటే నాకు కొత్తగానూ కాస్త సరదాగానూ ఉండేది.

సంఘం మొదట చేసిన పని గేటు పక్కన ఒక బండ నిలబెట్టి దాని మీద రాయించడం. అప్పుడు ఉర్దూలో రాయించారు. ఈ జాగా మాలికానె మకాన్ వాడుకకు మాత్రమే అని. ఇండ్ల యజమానుల కోసం అని అర్థం. రాష్ట్రం మారి, కచేరీల్లో ఉర్దూ తగ్గి తెలుగు పెరుగుతున్న రోజుల్లో, మన బండ మీద కూడా తెలుగు ఉండాలని సావుకారికి అనిపించింది. పెయింటర్ వచ్చి డబ్బాలు దింపుకొని, ఏం రాయాలి అని అడిగాడు. నేను ఆ వారం ఊళ్లో లేను. సావుకారి నిలబడి నోటితో చెప్పాడు.

మా దిక్కు కిరాయికి ఉండేవాళ్లు ఇంటి యజమానిని ఇంటోళ్లు అంటారు. "ఇంటోళ్లు ఊర్లె లేరు, సున్నం ఎయ్యమంటె ఎయ్యరు" అని రోజూ వినపడే మాటే. సావుకారి ఆ మాటే చెప్పాడు. పెయింటర్ దాన్ని కాస్త మర్యాద చేసి, ఈ ఫర్షి ఇంటివాళ్లకే అని నల్లరంగుతో పెద్ద అక్షరాలు రాశాడు. అప్పట్లో ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. నాకూ కనపడలేదు.

బషీరాబాదామె ఆ తర్వాత వచ్చింది. పేరు ఉండేది కాని, బషీరాబాదు దిక్కునుంచి వచ్చిందని గల్లీ అంతా అలాగే పిలిచేది. గొర్లు కాసే కుటుంబం. భర్త మందను తోలుకొని మేత కోసం కర్ణాటక దిక్కు పోతే నెలల తరబడి వచ్చేవాడు కాదు. ఆమె, ఇద్దరు ఆడపిల్లలు గల్లీ చివరి ఇంట్లో కిరాయికి ఉండేవారు. గంజ్ దుకాణాలనుంచి కందులు తెచ్చుకొని, నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో ఇసిరి, చెరిగి, పప్పు చేసి దుకాణానికి అప్పజెప్పేది. ఆమె పప్పు గింజ విరక్కుండా వచ్చేదని దుకాణాలవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ పనిలో ఆగడానికి వీల్లేని చోటు ఒకటి ఉంది. నానిన కందులు ఆ పూటే ఎండకు పడాలి. గంపలోనే ఉంటే లోపల వేడెక్కి వాసన పడతాయి, మొలక కడతాయి. కందులేమో ఆమెవి కావు. ఒక్కసారి వాసనపడ్డ పప్పు దుకాణానికి పోతే ఆ మాట గంజ్ అంతా తిరుగుతుంది, మరి ఇంకెవరూ కందులివ్వరు. ఆమె కిరాయికున్న ఇంటికి వాకిలి లేదు, పైన పెంకులు. ఫర్షి మీద ఎండ ఉన్నంతవరకే ఆమెకు పని ఉంది.

రెండేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. మూడో ఏడు సావుకారి బిడ్డ పెండ్లి జరిగింది.

పెండ్లివారు కర్ణాటక సరిహద్దు అవతలినుంచి వచ్చారు. బంతి ఫర్షి మీద. బషీరాబాదామె ముందు రోజు కందులన్నీ ఎత్తేసి, బండలు కడిగింది. అయితే ఎర్రమన్ను పసుపు బండల గరుకులో పట్టుకుంటే ఒక కడుగుకు పోదు. తడి ఆరకముందే పైన పలచటి చాపలు పడ్డాయి. భోజనాలై వియ్యంకుడు చేతులు కడుక్కోవడానికి లేచాడు. తెల్లటి మల్లు ధోవతి వెనక, కూర్చున్న మేరకు ఎర్రగా అచ్చు దిగింది. ఆయన తర్వాత వరసలో లేచిన వాళ్లందరికీ అదే. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. వియ్యంకుడు ఉత్తరీయం విప్పి నడుముకు చుట్టుకున్నాడు. రైలెక్కే దాకా అలాగే ఉన్నాడు.

పెండ్లి అయిన వారానికి సావుకారి సంఘం సమావేశం పిలిచి, కిరాయివాళ్లు ఫర్షి వాడటం ఆపాలన్నాడు.

దర్జీ ఒక్కడే అడ్డం మాట్లాడాడు. ఆయన ముందు గదిలో మిషను పెట్టుకొని వెనక కాపురముండే మనిషి. సొంత ఇల్లు. "ధోతీ ఎర్రగైతె సబ్బు పెడితె పోతది సావుకారి. గామె పని పోతె ఏం పెడ్తరు?" అన్నాడు.

"నీకు మజాక్ అయితంది. ఇయ్యాల కందులు ఎండబెడ్తది, రేపు నా జాగ అంటది. అప్పుడు నీ సబ్బు పనికొస్తదా?"

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కొన్నేళ్ల క్రితమే కౌలుదార్ల చట్టం వచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో దున్నేవాళ్లకు భూమి మీద హక్కులు రాశారు. ఆ వార్తలు నేనే రాసి పంపాను. ఇండ్లకు ఆ చట్టం వర్తించదని తెలిసినవాళ్లు కూడా, ఎందుకైనా మంచిదని కిరాయివాళ్లను ఒక కంట కనిపెట్టేవారు. చివరికి, ఆమె ఇంటి యజమాని ఏమంటాడో కనుక్కున్నాక నిర్ణయిద్దామన్నారు. ఆయన వికారాబాదులో ఉంటాడు. వార్తల పని మీద నేను వారం వారం అక్కడికి పోతూనే ఉంటాను కనుక ఆ పని నాకు పడింది.

ఆయనది స్టేషను బయట కట్టెల దుకాణం. తూకం దగ్గర స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నేను విషయం చెప్పి, మీ కిరాయామె ఫర్షి వాడుకోవచ్చని మీరొక మాట అంటే సరిపోతుందన్నాను.

ఆయన తూకం రాయిని చేత్తో తిప్పాడు. "దేఖో పేపర్ సాబ్. మర్పల్లి దిక్కు నాకు చెల్క ఉండె. మా అబ్బా ఒకాయనకు జర దున్నుకొమ్మన్నడు. నోటి మాట. ఇప్పుడు గా చెల్క ఎవరిది? నాదా?"

"అది భూమి కదా. ఇది ఇంటి సంగతి. అందులోనూ ఇల్లు కాదు, ఫర్షి."

"మీరు సదువుకున్నోళ్లు. భూమి వేరు, ఇల్లు వేరు, ఫర్షి వేరు అంటరు. నాకు గట్ల తెల్వదు. నేను వద్దనను, సరే అనను. నేనేం అన్లేదని చెప్పుండ్రి."

చాయ్ తెప్పించి తాగించాడు. ఆమె కిరాయి సరిగ్గా ఇస్తుందనీ, గోడలకు తనే సున్నం వేసుకుందనీ మెచ్చుకున్నాడు. నేను తిరిగొచ్చి, ఆయనేమీ అనలేదని సంఘానికి చెప్పాను. ఏమీ అనలేదంటే వద్దన్నట్టే అని సావుకారి తేల్చాడు. మర్నాడు తాళం కొన్నాడు.

ఆ తాళం పడిన పొద్దునే ఆమె కందులు గల్లీలో పోసింది.

బంట్వారం బండి వెనక ఇంకో బండి వచ్చి ఆగింది. బండ్లవాళ్లు దిగి బీడీలు ముట్టించారు. గల్లీలో ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చారు. ఎవరూ పిలవకుండానే సంఘం సమావేశం అయింది. సభ్యులు కందుల చుట్టూ గోడల వెంబడి నీడ చూసుకొని కూర్చున్నారు.

సావుకారి మర్యాదగానే మొదలుపెట్టాడు. "సూడమ్మా. నీ మీద నాకు పగ లేదు. బండ మీద ఏం రాసున్నది? ఫర్షి ఇంటోళ్లకే అని. నువ్వు కిరాయిదానివి."

ఆమె కందులు తిరగేస్తున్న చెయ్యి ఆపింది. "నేను ఇంటిదాన్ని గానా సావుకారి?"

"కాదు గద."

"మరి చెట్టు కింద ఉన్ననా? వండేది ఇంట్ల, పండేది ఇంట్ల, నా పిల్లలు పెరిగేది గా ఇంట్ల. ఇంటిదాన్ని గాకపోతె ఏం దాన్ని? గొర్లమందనా?"

బండ్లవాళ్లు నవ్వారు. సావుకారి వాళ్లవైపు కోపంగా చూశాడు. "ఇంటోళ్లంటె మాలకులు. ఇల్లు ఎవరిదో గాళ్లు. అందరికి తెలుసు."

"నాకు తెల్వది. నేను మా ఇంటోళ్లు అంటె మా పిల్లలు, మా ఆయన. నీకు ఇంటోళ్లంటె ఎవరు సావుకారి? గోడలా?"

"పేపర్ సార్‌ను అడుగుదాం," అన్నారెవరో. అందరూ నావైపు తిరిగారు. నేను చెప్పగలిగింది ఒకటే. రెండర్థాలూ ఉన్నాయి. పాత ఉర్దూ మాటకు ఒకే అర్థం ఉండేది. ఇప్పుడు బండ మీద ఉన్నది తెలుగు మాట.

దర్జీ మధ్యలో అందుకున్నాడు. "పేపర్ సాబ్‌ను ఎట్ల అడుగుతరు? ఆయన గూడ కిరాయిలనే ఉన్నడు. మాలకులే ఇంటోళ్లయితె ఈయన సంఘంల ఎట్లున్నడు? లెక్క రాసుడు ఆయన, మీటింగ్ పెట్టుడు ఆయన, ఫర్షి మీద బొంతలు ఎండేసుడు గూడ ఆయనే!"

అది నిజమే. ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను లేచి, కావాలంటే ఇప్పుడే తప్పుకుంటానన్నాను. సావుకారి చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. "నీ సంగతి వేరు. మేము పెట్టుకున్నం. ఇప్పుడు మాట్లాడేది గామె సంగతి."

అప్పుడు గుమ్మంలోంచి సావుకారి భార్య మాట వినిపించింది. ఆమె ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. నలుగురిలో భర్తతో నేరుగా మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. నావైపు చూసి మాట్లాడింది.

"పేపర్ సార్, జర అడుగుండ్రి. గీ ఇల్లు ఎవరి పేర్న ఉన్నదో."

ఆ ఇల్లు ఆమె తండ్రి కట్టించి, పసుపుకుంకుమ కింద బిడ్డ పేర రాసిచ్చినదని పాతవాళ్లకు తెలుసు. సావుకారి ఇల్లు అని పిలిచీ పిలిచీ ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రావడం మానేసింది.

"ఇప్పుడు గా మాటెందుకు?" అన్నాడు సావుకారి, గుమ్మం వైపు తిరగకుండా.

"ఎందుకంటె, పేపర్ సార్, మాలకులే ఇంటోళ్లయితె సంఘంల నేనుండాలె. ఇంట్ల ఉండేటోళ్లు ఇంటోళ్లయితె ఆయన ఉండొచ్చు. ఏదో ఒకటి చెప్పమనుండ్రి. నాకు పొయ్యి మీద చారున్నది."

దర్జీ తలకాయ వంచుకొని నవ్వాపుకున్నాడు. బంట్వారం బండాయన ఆపుకోలేదు. "అయితె సావుకారి గూడ కిరాయాయనేనా?" అన్నాడు.

"నీ బండి నువ్వు చూస్కో రా!" అని సావుకారి గద్దించాడు.

ఆయన తెలివితక్కువ మనిషి కాదు. గంజ్‌లో ఎన్నో బేరాలు కుదిర్చినవాడు. మాలకులే ఇంటోళ్లు అంటే తన కుర్చీ పోతుంది. ఇంట్లో ఉండేవాళ్లు అంటే తాళం పోతుంది. తువ్వాలుతో మొహం తుడుచుకొని, నావైపు తిరిగి, "బండ్లు ఆగినయ్. గంజ్ టైమయితంది. ఈ ఏటి కందులయ్యేదాంక తాళం తియ్యుండ్రి. మిగతాది తర్వాత సూద్దాం," అన్నాడు.

భార్య లోపలికి పోయి తాళంచెయ్యి తెచ్చింది. ఇచ్చేముందు బషీరాబాదామెను దగ్గరికి పిలిచి, పక్కన ఉన్నవాళ్లకు వినపడేట్టే చెప్పింది. "గోడ దిక్కు నీలపు బండల మీదనే పొయ్యాలె. పసుపు బండలు ముట్టొద్దు. ఎవరింట్లనన్న శుభకార్యం ఉంటె వారం ముందుగాల నుంచి బంద్. నా బిడ్డ మామ ధోతి నేను మర్చిపోలే."

"అట్లనే అమ్మా," అంది ఆమె.

"పప్పు నాకు మునుపటి లెక్కనే రావాలె. మిల్లు పప్పు మా ఇంట్ల ఉడుకుత లేదు."

గల్లీవాళ్లందరూ తలా ఒక గోనెపట్టా అంచు పట్టుకొని కందులను ఫర్షి మీదికి మార్చారు. వాటిలో గల్లీ దుమ్ము, రెండు మూడు బీడీ ముక్కలు కలిశాయి. ఆమె, పిల్లలు సాయంత్రం దాకా కూర్చొని ఏరారు. బండ్లు కదిలిపోయాయి. సావుకారి ఆ పూట అన్నం తినలేదని ఒకరు, రెండుసార్లు తిన్నాడని ఒకరు చెప్పుకున్నారు.

నెల తిరక్కముందే వికారాబాదు నుంచి ఇంటి యజమాని రైలు దిగి వచ్చాడు. సంగతి ఆయన చెవిన ఎలా పడిందో తెలియదు. నేను బషీరాబాదామె గుమ్మం ముందునుంచి పోతుంటే ఆపి, సాక్ష్యం నిలబడమన్నాడు. దర్జీని కూడా పిలిపించాడు. మా ఇద్దరి ముందు, ఈ ఇల్లు ఎవరిదో చెప్పమని ఆమెను అడిగాడు.

"మీదే సాబ్," అంది ఆమె.

"పక్కా?"

"పక్కా. ఇల్లు మీది. ఫర్షి సంగతి మీ సంఘపోళ్లనడుగుండ్రి."

ఆయనకు సగం ఫికర్ తగ్గింది. ఆ తర్వాత కిరాయికి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న అడిగేవాడు, ఆమె అదే జవాబు చెప్పేది. కొన్నాళ్లకు అది ఇద్దరి మధ్యా పలకరింపు అయిపోయింది.

మరుసటి ఏడు కొత్త కందులు రాగానే ఆమె నీలపు బండల మీద పోసింది. ముందుగా ఎవరినీ అడగలేదు, ఎవరూ వచ్చి ఆపలేదు. గేటుకు తాళం లేదు. దాన్ని సావుకారి ఇంటి లోపలి గదికి వేసుకున్నారు. సంఘం సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. గోడకు సున్నం వేయించాం. వానకు కుంగిన మూల బండలు లేపి మళ్లీ పరిపించాం. సావుకారి తర్వాత దర్జీ అధ్యక్షుడయ్యాడు. ఇంటివాళ్లు అంటే ఎవరన్న మాట ఒకటి రెండు సమావేశాల్లో చర్చకు వచ్చింది. మాలకులే అని తీర్మానిస్తే ఎవరెవరు సభ్యత్వం పోగొట్టుకుంటారో లెక్కపెట్టుకొని, ప్రతిసారీ వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

అరవైల చివర్లో నేను తాండూరు వదిలి వచ్చేశాను. అప్పటికి ఊళ్లో పప్పు మిల్లులు పెరిగాయి. గంజ్‌లోని పెద్ద దుకాణాలు చేతిపప్పు తీసుకోవడం తగ్గించాయి. ఆమె పెద్దబిడ్డ కూడా ఇసురుడు పనిలోకి వచ్చింది. అదే కిరాయి ఇంట్లో ఉంటూ, అదే గోడ దిక్కున కందులు పోస్తున్నారు. ఆ రోజు సావుకారి ఇచ్చిన సెలవు ఆ ఒక్క ఏటి కందులకే. దాన్ని సంఘం మళ్లీ పొడిగించలేదు, రద్దూ చేయలేదు.